భీమునిపట్నం రేవు: భూగోళము, చరిత్ర

హిజ్రీ 615లో, అనగా క్రీ.శ. 1218 ప్రాంతంలో, ఖురాసానులోని మర్వ్ నగరంలో ఒక విద్వత్సభ జరిగింది. హదీసులో కనిపించే ఒక ఊరి పేరును గూర్చి ఆ సభలో ప్రశ్న వచ్చింది. అది అజ్ఞానకాలంలో అరబ్బులు సంత జరుపుకొన్న ఒక చిన్న చోటు. దాని పేరులోని మొదటి అక్షరానికి పేష్ పెట్టి 'హుబాషా' అని చదవాలని యాఖూత్ హమవీ చెప్పాడు. సభలోని మరొకాయన కాదు, జబర్ పెట్టి 'హబాషా' అనాలని పట్టుబట్టాడు. మర్వ్ గ్రంథాలయాలు ఆ రోజుల్లో లోకప్రసిద్ధమైనవి. అయినా అక్కడ ఎన్ని గ్రంథాలు తిరగవేసినా ఆ చిన్న పేరుకు ఆధారం దొరకడం కష్టమైపోయింది. ఊళ్ళ పేర్లను నిర్దుష్టంగా చెప్పే గ్రంథం ఒకటి ఉండి తీరాలని యాఖూత్‌కు అప్పుడే తోచింది. అలా పుట్టినదే 'ముఅజముల్ బుల్దాన్' అనే మహాగ్రంథం. రోము దేశపు సంతతిలో పుట్టి, చిన్నతనంలోనే బానిసగా బగ్దాదు వర్తకుని ఇంటికి చేరి, తర్వాత విముక్తుడైన మనిషి దానిని వ్రాశాడు. అందులో మహానగరాలతోపాటు పల్లెలు, నీటిబుగ్గలు, మజిలీలు కూడా అక్షరక్రమంలో చోటు చేసుకొన్నాయి.

ముస్లిం పండితులలో ఈ అలవాటు యాఖూత్‌తో మొదలు కాలేదు. ఇరాఖులోని వాసిత్ పట్టణానికి బహ్షల్ అనే హదీసువేత్త హిజ్రీ మూడవ శతాబ్దంలోనే చరిత్ర వ్రాశాడు. ఏ హదీసును ఎవరు ఎవరి దగ్గర విన్నారో తేల్చాలంటే వారు ఏ ఊరివారో, ఎప్పుడు ఉన్నారో తెలియాలి. ఊరి చరిత్ర ఈ విధంగా మతవిద్యలో ఒక భాగమైంది. చోటు ఎంత చిన్నదైనా దానిని సరిగా తెలుసుకొనడం విద్యావంతుని బాధ్యత అని ఆ పెద్దలు భావించారు.

ఆ దృష్టితో మన తీరాంధ్రలోని ఒక చిన్న రేవును చూడవచ్చు. విశాఖపట్నానికి ఈశాన్యంగా సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం ఉన్నది. పేరు విషయంలో దీనిదీ హుబాషా వంటి కథే. చుట్టుపక్కల జనానికి ఇది భీమిలి. డచ్చివారి కాగితాలలో బిమిలిపట్నం. ఆంగ్లేయుల కాగితాలలో బిమ్లిపటం. పాండవులలోని భీముని పేర వెలసిన ఊరని జనశ్రుతి. బయటివారు దీనిని ఒక్క మాటతో 'డచ్చివారి ఊరు' అని ముగిస్తారు. అక్కడ డచ్చివారి సమాధులు ఉన్నాయి, కోట శిథిలాలు ఉన్నాయి కనుక ఆ మాట అబద్ధం కాదు. కాని డచ్చివారు అక్కడికి ఎందుకు వచ్చారు, ఎవరి అనుమతితో వచ్చారు, ఆ ఊరిలో వారికి ముందు ఏమున్నది అనే ప్రశ్నలకు ఆ మాటలో జవాబు లేదు.

ముందు నేల సంగతి. ఆంధ్రదేశంలో కృష్ణా గోదావరుల మధ్య తూర్పు కనుమలు సముద్రానికి దూరంగా జరిగి, మధ్యలో విశాలమైన డెల్టాను విడిచిపెట్టాయి. విశాఖ ప్రాంతానికి వచ్చేసరికి అవే కొండలు ఒడ్డుదాకా వచ్చాయి. భీమిలి ఊరు ఒక కొండ వాలులో, సముద్రానికి ఎదురుగా ఉన్నది. ఆ కొండను పావురాళ్ళకొండ అంటారు. దానిపై బౌద్ధ విహారాల అవశేషాలు బయల్పడినవి. విశాఖ వైపు వచ్చే దారిలో తొట్లకొండ, బావికొండలపైన కూడా అటువంటివే ఉన్నాయి. కనుక ఓడలు, బాటసారులు ఈ తీరాన్ని గుర్తుపెట్టుకొని రావడం ఏ ఐరోపా జాతికంటెనూ, ఏ సుల్తానుకంటెనూ పాతది. సముద్రం మీదనుండి చూసేవానికి ఈ కొండలే ఆనవాళ్ళు. దీపస్తంభాలు లేని కాలంలో అది చిన్న సౌకర్యం కాదు.

ఊరికి దక్షిణంగా, విశాఖ వైపు, ఎర్రమట్టి దిబ్బలున్నాయి. గాలి, వాన, సముద్రం వేల సంవత్సరాలు కలిసి పేర్చిన ఇసుక అది. అందులోని ఇనుము తుప్పుపట్టి ఎర్రబారింది. సముద్రమట్టం ఒకప్పుడు నేటికంటె చాలా దిగువన ఉండేదని చెప్పే సాక్ష్యాలలో ఇవి ఒకటి. అందుచేతనే భూగర్భ శాస్త్రజ్ఞులు వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు.

గోస్తని అనంతగిరి కొండలలో, బొర్రా గుహల ప్రాంతంలో పుట్టి, తాటిపూడి మీదుగా వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో పడుతుంది. దూరం కొద్ది, నీరు కొద్ది. పెద్ద ఓడ లోపలికి వచ్చేటంత లోతు ఈ నది ముఖంలో ఏనాడూ లేదు. వేసవిలో ఇసుకమేట నది నోటిని మూయజూస్తుంది, వానకాలపు వరద దానిని మళ్ళీ తెరుస్తుంది. కనుక భీమిలిని రేవు అన్నప్పుడు నేటి విశాఖ ఓడరేవు వంటి దానిని ఊహించరాదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకొని నిలిచేవి. సరుకును, మనుషులను పడవలు చేరవేసేవి. ఈ తీరపు కెరటాలను తట్టుకొనే పడవలను మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరినారతో కుట్టి తయారు చేసేవారు. కెరటం కొట్టినప్పుడు మేకులు కొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ వంగి నిలుస్తుంది. డచ్చి కంపెనీ ఎంత ధనవంతమైనదైనా, తన సరుకును చివరి అరమైలు మాత్రం ఈ ఊరి పడవవాని చేతిలో పెట్టవలసిందే. ఈశాన్య ఋతుపవనం వచ్చి తుఫానుల కాలం మొదలైతే ఆ పని కూడా ఆగిపోయేది.

మరి ఇంత కష్టమైన చోటికి ఎందుకు వచ్చినట్లు? లోపలి దేశం కోసం. గోస్తని, చంపావతి, నాగావళి లోయలలో వరి పండేది. శ్రీకాకుళం వైపు సన్నని నూలుబట్ట నేసే సాలెవారు ఉండేవారు. డచ్చివారికి తూర్పు దీవులలోని లవంగం, జాజికాయ, మిరియం కొనడానికి వెండికంటె కోరమండలపు బట్ట ఎక్కువగా చెల్లేది. సింహళంలోని వారి కోటలకు బియ్యం కావలసి ఉండేది. ఈ రెండూ ఒకేచోట దొరికే రేవు కనుక భీమిలి వారికి పనికివచ్చింది.

అయితే సరుకు ఉన్నంతమాత్రాన అంగడి తెరవడానికి వీలులేదు. ఆ నేలకు ప్రభువు గోల్కొండ సుల్తాను. కుతుబ్ షాహీల రాజ్యం పదహారవ శతాబ్దపు రెండవ భాగంలోనే శ్రీకాకుళం దాకా వ్యాపించింది. శ్రీకాకుళంలో వారి ఫౌజ్‌దారు ఉండేవాడు. 1641లో ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మస్జిదు నేటికీ అక్కడ ఉన్నది. డచ్చివారు తొలుత 1605-06లో మచిలీపట్నంలోనూ, నిజాంపట్నంలోనూ కుతుబ్ షాహీల అనుమతితోనే దిగారు. అటు తరువాతనే, పదిహేడవ శతాబ్దపు నడుమ, అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, వారి వర్తకం ఉత్తరాన భీమిలికి ప్రాకింది. మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం. హజ్ యాత్రికులను, మక్కా మదీనాల బీదలకు సుల్తానులు పంపే దానధర్మాలను తీసుకొని ఎర్రసముద్రానికి ఓడలు అక్కడినుండే బయలుదేరేవి. భీమిలి దానికి చిన్న తమ్ముడి వంటిది. పెద్ద ఓడల సందడి లేదు, బియ్యం మూటలు, బట్టల బేళ్ళు మాత్రమే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ముస్లిం ప్రభువులు పరదేశీయులకు ఆశ్రయమిచ్చారని, అది ఇస్లాము నేర్పిన ఔదార్యమని మన పత్రికలలో కొందరు వ్రాస్తుంటారు. ఔదార్యం ఉండవచ్చు. కాని రేవుల ఫర్మానాలను చదివినవారికి కనిపించేది ముఖ్యంగా సుంకం లెక్క. రేవుల ఆదాయాన్ని వేలం పాడుకొన్నవారు వసూలు చేసుకొనేవారు. కంపెనీలవారు సుంకం తగ్గించమని దర్బారులో అడిగేవారు, సుల్తాను ఫర్మానా ఇచ్చేవాడు, రేవులోని ఉద్యోగి ఆ ఫర్మానాను పెడచెవిని పెట్టేవాడు, మళ్ళీ కానుకలతో దర్బారుకు ప్రయాణం. తానాషా కాలంలో ఆ దర్బారును నడిపినవారు మాదన్న, అక్కన్న అనే బ్రాహ్మణ సోదరులు. రేవులోని దుబాసీలు, లెక్కలు వ్రాసే కరణాలు, నేతగాండ్రు, పడవవారు అత్యధికులు హిందువులు. ఈ వ్యవస్థను 'ముస్లిముల ఘనత' అని ఒకరు, 'ముస్లిముల దొరతనం' అని మరొకరు వర్ణించితే ఇద్దరూ సగమే చెప్పినవారవుతారు.

ఆ వ్యవస్థ కట్టడాలకంటె మాటలలో ఎక్కువ మిగిలింది. సుల్తాను ఇచ్చే ఆజ్ఞ ఫర్మానా. స్థానిక ఉద్యోగి వ్రాసి ఇచ్చే హామీని 'ఖౌల్' అనేవారు. అరబీలో ఖౌల్ అంటే మాట, పలుకు. నీ మీద ఇంతకంటె పన్ను వేయనని, నీ సరుకు జోలికి రానని అధికారి ఇచ్చిన మాట అది. అదే తెలుగులో 'కౌలు' అయింది. మొదట వర్తకునికీ రైతుకూ ఇచ్చే అభయపత్రంగా ఉండి, క్రమేణా పొలాన్ని ఇంత గుత్తకు ఇచ్చే ఒప్పందంగా మారింది. ఇక 'రైతు' అన్న మాట అరబీలోని 'రఇయ్యత్'. మేపబడే మంద, సంరక్షణలో ఉన్నవారు అని దాని మూలార్థం. ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి ఒక్కరూ తమ ఆధీనంలోని వారిని గూర్చి జవాబు చెప్పుకోవలసినవారే అని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన ప్రసిద్ధ హదీసులో వాడబడిన ధాతువు ఇదే. అక్కడ ఆ మాటలోని బరువు అంతా కాపరిపై ఉన్నది. పన్నుల పుస్తకంలోకి వచ్చేసరికి ఆ బరువు మందపైకి మారింది. నేడు భీమిలి చుట్టూ పొలాలలో 'కౌలు రైతు' అని పిలువబడే మనిషి ఏ మతస్థుడైనా, అతని పేరులోని రెండు మాటలూ అరబీవే. ఒకటి ఇచ్చిన మాట, రెండవది కాపాడబడవలసిన వాడు. భాషాంతరం చేసేవారికి ఇంతటి చరిత్రను రెండు మాటలలో ఇమిడ్చిన ఉదాహరణ మరొకటి సులభంగా దొరకదు.

సర్కారు, ఖజానా, వసూలు, బాకీ, దస్తావేజు, జమాబంది, మామూలు వంటివి ఇంకెన్నో గలవు. మచిలీపట్నానికి జనం పెట్టుకొన్న 'బందరు' అనే పేరు ఫార్సీలో రేవు అని అర్థమిచ్చే మాటే. ఐరోపా జాతుల పేర్లను కూడా తెలుగువారు తమ నాలుకకు అనువుగా మలచుకొన్నారు. డచ్చివారు వలందావారు, ఫ్రెంచివారు పరాసులు. బందరులో వలందపాలెం, పరాసుపేట అన్న పేటలు నేటికీ కలవు. ఐరోపావారినందరినీ కలిపి పిలిచే 'పరంగి' అన్న మాట మరీ దూరం నుండి వచ్చింది. ఫ్రాన్సు దేశానికి పేరునిచ్చిన ఫ్రాంకు జాతిని అరబ్బులు 'ఇఫ్రంజ్' అన్నారు, ఫార్సీవారు 'ఫరంగీ' అన్నారు, తెలుగువారు పరంగి అన్నారు. ఫ్రెంచివాడు ఈ తీరంలో అడుగుపెట్టడానికి ఎంతో ముందే అతని జాతి పేరు అరబ్బుల మీదుగా మన తీరానికి చేరి, పోర్చుగీసువానికి అంటుకొన్నది.

1687లో ఔరంగజేబు గోల్కొండను జయించాడు. భీమిలిపై ప్రభువు మారాడు, ఫౌజ్‌దారు పదవి మారలేదు. తరువాత ఆ సర్కారులు ఆసఫ్ జాహీ నిజాముల చేతికి వచ్చాయి. 1753లో సలాబత్ జంగ్ తన వద్దనున్న ఫ్రెంచి సైన్యం జీతబత్తెముల క్రింద శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి సర్కారులను సేనాధిపతి బుస్సీకి ధారాదత్తం చేశాడు. పటంలో అది ఒక సంతకం మాత్రమే. కాని భీమిలికి దాని ఫలితం మరుసటి సంవత్సరమే తగిలింది. అప్పటివరకు ఆ ప్రాంతాన్ని ఏలుతున్న జాఫర్ అలీ ఖాన్ తన అధికారం పోవడం సహించలేక నాగపూరు మరాఠాలను పిలిచాడు. వారు వచ్చి దేశాన్ని దోచుకొన్నారు. విశాఖలోని ఆంగ్లేయుల జోలికి పోలేదు గాని, భీమిలిలోని డచ్చివారి వర్తకశాలను కొల్లగొట్టారు. ఒక ముస్లిం నవాబు ఇచ్చినదానిని, మరొక ముస్లిం ఉద్యోగి కాదని, హిందూ సైన్యాన్ని రప్పించగా, అది క్రైస్తవ వర్తకులను దోచింది. ఆ కాలపు యుద్ధాలను మతాల పోరుగా చెప్పేవారు ఈ ఒక్క సంఘటనను ఏ గూటిలో పెడతారో తెలియదు.

ఆ తరువాతి సంగతులు పాఠశాల పుస్తకాలలోనివే. 1757లో బొబ్బిలి యుద్ధం, 1758లో చందుర్తి దగ్గర ఫ్రెంచివారి ఓటమి, 1765లో షా ఆలం ఆంగ్లేయులకు ఫర్మానా, 1766లో నిజాం అలీ ఖాన్‌తో వారి సంధి. భీమిలి మాత్రం ఆంగ్లేయుల సముద్రంలో డచ్చి ద్వీపంలా ఇంకా కొంతకాలం నిలిచింది. ఐరోపాలో ఆ రెండు దేశాలకు యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ జెండా దిగేది. 1781లో ఆంగ్లేయులు పట్టుకొన్నారు, సంధి తరువాత తిరిగి ఇచ్చారు. 1795లో మళ్ళీ పట్టుకొన్నారు, నెపోలియను యుద్ధాలు ముగిశాక మళ్ళీ ఇచ్చారు. 1824లో లండనులో జరిగిన ఒప్పందంతో డచ్చివారు హిందూదేశంలోని తమ స్థావరాలన్నింటినీ వదులుకొన్నారు, 1825లో భీమిలి ఆంగ్లేయులదైంది. ఆమ్‌స్టర్‌డాములోనో, లండనులోనో జరిగిన బేరాలతో ఊరు చేతులు మారుతుండగా, ఊరివారిని ఎవరూ ఏమీ అడగలేదు. పద్మనాభం మాత్రం ఇక్కడికి దగ్గరే. 1794 జూలై 10న విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు ఆంగ్లేయుల సైన్యంతో పోరి మరణించినది ఆ గోస్తనీ లోయలోనే.

డచ్చివారు వెళ్ళిపోయినా వారి సమాధులు మిగిలాయి. వానిలో తొలినాటిది 1661 నాటిదని చెబుతారు. రాతిపలకలపై పేరు, పుట్టిన ఊరు, వయస్సు, చనిపోయిన దినం చెక్కబడి ఉంటాయి. అలల పోటులోనూ, జ్వరాలలోనూ చిన్నవయస్సులో పోయినవారు అనేకులు. ముస్లిం శ్మశానాలలో ఇటువంటి శాసనాలు అరుదు. సమాధిపై కట్టడాలు, వ్రాతలు వద్దన్న హదీసును బట్టి సామాన్య ముస్లింల గోరీలు మట్టిదిబ్బలుగానే ఉండిపోతాయి. ధర్మదృష్ట్యా అది సరియైనదే. కాని దాని ఫలితం ఒకటి ఉన్నది. రాయిని మాత్రమే చూసి చరిత్ర వ్రాసేవానికి ఈ ఊరిలో వలందావారే కనిపిస్తారు. కాగితాన్ని చూసేవానికే మిగిలినవారు కనిపిస్తారు. విశాఖలో కొండపై ఉన్న ఇస్‌హాఖ్ మదనీ దర్గాకు రేవులోకి వచ్చేపోయే ఓడలు జెండాను మూడుసార్లు దింపి ఎత్తి వందనం చేసేవని ఆంగ్లేయుల కాలపు జిల్లా గ్రంథాలు చెప్పుతున్నాయి. ఆ ఆచారం షరీయతుకు ఎంతవరకు సమ్మతమన్నది వేరే చర్చ. ఈ తీరపు నావికుల మనస్సులో ఒక ముస్లిం పేరు ఎంత స్థిరపడిందో అది చెబుతుంది.

1861లో పురపాలక సంఘం ఏర్పడేనాటికి భీమిలి మంచి దశలో ఉన్నది. నువ్వులు, వలిసెలు, కరక్కాయ, గోగునార ఇక్కడినుండి విదేశాలకు ఎగుమతి అయ్యేవి. ఆ గోగునారను ప్రపంచ విపణిలో నేటికీ 'బిమ్లి జూటు' అనే అంటారు. ఊరి పేరు సరుకుకు అంటుకొని సముద్రాలు దాటింది. తరువాత వచ్చిన దెబ్బ సైన్యాల వలన కాదు. 1890లలో మద్రాసు, కలకత్తాలను కలిపే రైలుమార్గం విజయనగరం మీదుగా పోయింది, భీమిలిని తాకలేదు. 1933లో విశాఖలో లోతైన ఓడరేవు తెరవబడింది. ఓడ గోడకే ఆనుకొని నిలిచే చోటు పాతిక కిలోమీటర్లలో ఉండగా, కుట్టు పడవలతో సరుకు దించే రేవుకు ఎవరు వస్తారు? కొండలు, లంగరుపట్టు, లోపలి పంటలు ఏమీ మారలేదు. ఓడల పరిమాణం మారింది. చిట్టివలసలోని జనపనార మిల్లు మాత్రం ఆ వర్తకపు చివరి గుర్తుగా చాలా కాలం నడిచి, 2009లో మూతబడింది. నేడు భీమిలి విశాఖ మహానగర పాలక సంస్థలో కలిసి ఉన్నది. 2022 నుండి ఒక రెవెన్యూ డివిజనుకు కేంద్రం.

ఇక కాగితాల సంగతి. డచ్చి కంపెనీవారు తమ ప్రతి వర్తకశాలనుండి వచ్చిన ఉత్తరాలను, లెక్కలను భద్రపరిచారు. హేగ్ నగరంలోని వారి జాతీయ భాండాగారంలో అవి కిలోమీటరుకు పైగా అలమారలను నింపుతున్నవి. 2003లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. భీమిలిలో ఒక సంవత్సరం బియ్యం ధర ఎంత, ఏ ఉద్యోగికి ఏ కానుక ఇచ్చారన్నది తెలుసుకొనగోరే పరిశోధకుడు అక్కడికే పోతాడు. ఆ పరిశోధకునికి ఫౌజ్‌దారు వర్తకుని నోట విన్నట్లే వినిపిస్తాడు. లంచగొండిగా, ఆలస్యం చేసేవానిగా, కొన్నిచోట్ల న్యాయంగా. ఆ ఫౌజ్‌దారు తానుగా వ్రాసినది వినాలంటే ఫార్సీ దస్తావేజులు చూడాలి. దక్కనులోని మొగలు పాలనకు సంబంధించిన అటువంటి పత్రాలు హైదరాబాదులోని రాష్ట్ర భాండాగారంలోనే లక్షకు పైగా ఉన్నాయి. వానిలో చాలా భాగం షికస్తా లిపిలో, చుక్కలు వదలి, అక్షరాలు విరిచి, గుమాస్తాలు వేగంగా వ్రాసినవి. అచ్చు ఫార్సీ చదవగలిగినవారికి కూడా అవి అంత తేలికగా లొంగవు. ఉస్తాదు ప్రక్కన కూర్చుని, నెలల తరబడి అభ్యాసం చేయవలసి ఉంటుంది.

ఒకప్పుడు మన మదర్సాలలో పిల్లవానికి అరబీ వ్యాకరణానికి ముందు ఫార్సీ చెప్పేవారు. గులిస్తాను, బోస్తాను చదవకుండా ఎవరూ పైతరగతికి పోయేవారు కారు. తెలుగు ప్రాంతాలలోని అనేక మదర్సాలలో ఆ పాఠాలు కుదించబడ్డాయి, కొన్నిచోట్ల పూర్తిగా తొలగించబడ్డాయి. విశ్వవిద్యాలయాల ఫార్సీ శాఖలలో చేరేవారూ కొద్దిమందే. భీమిలి రేవుకు ఇచ్చిన ఖౌల్‌లో ఏ మాట ఉన్నదో, పేష్ ఎక్కడ, జబర్ ఎక్కడ అని చెప్పగలవారు ఈ కొద్దిమందిలోనుండే రావాలి.